బరువునకొక ఇంజను, వేగమునకొక ఇంజను

బరువు బండికి కట్టు ఎద్దును జట్కాకు కట్టరు; జట్కా గుఱ్ఱమును దుక్కికి తోలరు. రెండును బలము గల జంతువులే. కాని ఎద్దు బలము పెద్ద బరువును మెల్లగా లాగుటలో నున్నది. గుఱ్ఱము బలము తేలిక బండిని వేగముగా కొనిపోవుటలో నున్నది. ఆవిరి ఇంజన్ల విషయములోను ఇంతే. 1950-60 ప్రాంతములలో విజయవాడ, కాజీపేట వంటి కూడలి స్టేషన్లలో రెండు రకముల పెద్ద ఇంజన్లు కనబడుచుండెడివి. ఒకటి గుండ్రని ముక్కుతో, పెద్ద చక్రములతో మెయిలు బండి ముందు నిలిచెడిది. దాని పేరు డబ్ల్యూ.పి. రెండవది ఏ అలంకారమును లేక, కొంచెము చిన్న చక్రములతో సరుకుల బండిని ఈడ్చుకొని పోయెడిది. దాని పేరు డబ్ల్యూ.జి. ఈ పేర్లలో మొదటి అక్షరము బ్రాడ్‌గేజికి గుర్తు. రెండవ అక్షరములలో 'పి' ప్రయాణికుల బండికి, 'జి' గూడ్సు బండికి గుర్తులు.

రెండింటి ఆకారము వేరైనను, రెండింటిలోను ఉన్నది ఒకే కొలతల బాయిలరు! ఒకే బాయిలరు రెండు భిన్నమైన పనులకు ఎట్లు సరిపోయినది? అసలు ఒక రైల్వే తనకు కావలసిన ఇంజనును ఏ లెక్కలు చూచి ఎన్నుకొనును? ఆ లెక్క తప్పిన ఏమగును? ఈ ప్రశ్నలకు మన దేశపు రైళ్ల చరిత్రలోనే సమాధానములు దొరకును.

బండి కోరునదేమి?

ఇంజనును గూర్చి ఆలోచించుటకు ముందు అది లాగవలసిన బండిని గూర్చి ఆలోచింపవలెను. చదునైన పట్టాలపై మెల్లగా పోవు బండిని లాగుటకు దాని బరువులో సుమారు మూడువందలవ వంతు బలము చాలును. వేయి టన్నుల బండికి మూడు టన్నుల బలము సరిపోవునన్నమాట. ఇనుప పట్టాపై ఇనుప చక్రము దొర్లుటలోని గొప్ప సౌకర్యమిదియే.

కాని దారి ఎత్తు ఎక్కినచో ఈ లెక్క తారుమారగును. నూరు అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున ఎక్కు దారిలో ప్రతి టన్నుకును అదనముగా నూరవ వంతు బలము కావలెను. కంటికి చదునుగానే తోచు ఈ కొద్దిపాటి ఎత్తువలన వేయి టన్నుల బండికి మూడు టన్నుల బదులు పదమూడు టన్నుల బలము అవసరమగును! అందువలననే సరుకుల బండి ఎంత పొడవుండవలెనో నిర్ణయించునది దారి మొత్తము కాదు. ఆ దారిలో అన్నిటికంటె కఠినమైన ఒక్క మిట్ట.

ప్రయాణికుల బండికి చిక్కు వేరు. దాని బరువు తక్కువ, కాని వేగము ఎక్కువ. వేగము పెరిగిన కొలది గాలి ఎదురుదెబ్బ, పెట్టెల ఊగిసలాట మున్నగు నిరోధములు పెరుగును. పైగా ఇంజను ఆ వేగమును గంటల తరబడి నిలుపవలెను. సరుకుల బండికి ముఖ్యముగా కావలసినది బలము. ప్రయాణికుల బండికి ముఖ్యముగా కావలసినది సామర్థ్యము, అనగా వేగములో కూడ తగ్గక నిలుచు బలము.

ఇంజనుకు గల మూడు హద్దులు

ఆవిరి ఇంజను చేయగల పనికి మూడు హద్దులు కలవు.

మొదటి హద్దు చక్రముల పట్టు. ఇంజను తిప్పు చక్రములకు చోదక చక్రములని పేరు. వీనిపై పడు బరువులో సుమారు నాలుగవ వంతుకు మించి లాగబోయినచో చక్రములు పట్టాపై జారి, ఉన్నచోటనే గిరగిర తిరుగును. బండి కదలదు. వానపడి పట్టా తడిసినపుడు ఈ పట్టు ఇంకను తగ్గును. అందుకే చక్రముల ముందు పట్టాపై ఇసుక చల్లు ఏర్పాటు ప్రతి ఇంజనులోను ఉండెడిది. పట్టు పెంచుటకు చోదక చక్రములపై బరువు పెంచవలెను. కాని ఒక్కొక్క ఇరుసుపై మోపగల బరువును పట్టాలు, వంతెనలు నిర్ణయించును. కావున బరువు పెంచవలెనన్న, చోదక చక్రముల జతలనే పెంచవలెను.

రెండవ హద్దు సిలిండరుకును చక్రమునకును గల పొత్తు. ఆవిరి పిస్టనును నెట్టు బలము ఆవిరి పీడనముపైనను, సిలిండరు వ్యాసముపైనను ఆధారపడి యుండును. ఆ బలము కడ్డీల ద్వారా చక్రమునకు చేరును. చక్రము చిన్నదైన కొలది పట్టా అంచున లభించు బలము ఎక్కువగును. పెద్దదైన కొలది తగ్గును. కాని పెద్ద చక్రము ఒక్కసారి తిరిగిన ఎక్కువ దూరము పోవును. 67 అంగుళముల చక్రము కిలోమీటరు దూరములో 187 సార్లు తిరుగును. 56½ అంగుళముల చక్రము అదే దూరములో 222 సార్లు తిరుగవలెను. చక్రము తిరిగినన్ని సార్లు పిస్టను ముందుకు వెనుకకు పోయి రావలెను. ఆవిరి లోనికి వచ్చి బయటకు పోవలెను. ఈ రాకపోకలకు వ్యవధి చాలనపుడు ఇంజను ఉక్కిరిబిక్కిరి యగును. పైగా బరువైన కడ్డీల ఊపును సరితూచుటకు చక్రములలో అమర్చిన బరువులు వేగము హెచ్చినపుడు పట్టాను సుత్తివలె మోదును. చిన్న చక్రముతో వేగముగా పరుగెత్తుట ఇంజనుకును, పట్టాకును మంచిది కాదు.

మూడవ హద్దు బాయిలరు. బండి కదలునపుడు చూపు బలము సిలిండరుది, పట్టుది. కాని వేగము హెచ్చిన తరువాత గంటగంటకు ఎంత ఆవిరి పుట్టుచున్నదో అంత పనియే జరుగును. ఒక ఇంజను గంటకు 20 కిలోమీటర్ల వేగమున 17 టన్నుల బలముతో లాగుచున్నదనుకొందము. ఆ సామర్థ్యముతోనే 80 కిలోమీటర్ల వేగమున పోవలెనన్న బలము నాలుగవ వంతుకు, అనగా నాలుగు టన్నుల చిల్లరకు తగ్గిపోవును. బలమును వేగముగా, వేగమును బలముగా మార్చుకొనవచ్చును గాని, రెండింటిని ఒకేసారి పెంచుట బాయిలరుకు మించిన పని.

అంకెలలో ఇంజను రూపము

ఇంజన్లను వర్ణించుటకు 1900 ప్రాంతమున అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ వైట్ అను ఇంజనీరు ఒక సులభమైన పద్ధతిని కల్పించెను. ముందు నడుచు చిన్న చక్రములెన్ని, నడుమ చోదక చక్రములెన్ని, వెనుక మోయు చక్రములెన్ని అని మూడు అంకెలతో చెప్పుటయే ఆ పద్ధతి. డబ్ల్యూ.పి. 4-6-2 రకము, దీనికి పసిఫిక్ అని పేరు. డబ్ల్యూ.జి. 2-8-2 రకము, దీనికి మికాడో అని పేరు.

ఈ అంకెలు ఊరక పుట్టినవి కావు. ముందున్న నాలుగు చక్రముల బోగీ వేగముగా పోవు ఇంజనును వంపులలో సాఫీగా దారి పట్టించును. మెల్లగా పోవు సరుకుల ఇంజనుకు రెండు చక్రములే చాలును. మిగిలిన బరువును చోదక చక్రములపై మోపవచ్చును. ప్రయాణికుల ఇంజనుకు ఆరు చోదక చక్రములు సరిపోవును. సరుకుల ఇంజనుకు ఎనిమిది కావలెను.

వెనుకనున్న రెండు చక్రముల కథ బొగ్గుతో ముడిపడి యున్నది. మన దేశపు బొగ్గులో బూడిదపాలు ఎక్కువ. అట్టి బొగ్గునుండి తగినంత వేడి రావలెనన్న, కొలిమి అడుగున బొగ్గు పరచు ఇనుపకమ్ముల వేదిక విశాలముగా నుండవలెను. దీనినే గ్రేటు అందురు. పాతకాలపు ఇంజన్లలో కొలిమి చోదక చక్రముల నడుమ ఇరుకున దిగి యుండెడిది. దానిని వెడల్పు చేయవలెనన్న పెద్ద చక్రముల వెనుకకు జరుపవలెను. అట్లు జరిపిన కొలిమి బరువును మోయుటకే వెనుక చిన్న చక్రములు వచ్చినవి. కాని గ్రేటు ఎంత పెద్దదైనను పారతో బొగ్గు వేయువారు మనుష్యులే. ఫైర్‌మన్ల రెక్కల కష్టము కూడ ఇంజను సామర్థ్యమునకొక హద్దే.

బిహ్టా నేర్పిన పాఠము

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో మన రైల్వేలకొరకు బ్రిటిషువారు కొన్ని ప్రామాణిక నమూనాలను రూపొందించిరి. ప్రయాణికులకు 74 అంగుళముల చక్రములు గల 4-6-0 ఇంజను, బరువు సరుకులకు 56½ అంగుళముల చక్రములు గల 2-8-0 ఇంజను వానిలో ముఖ్యమైనవి. ఇవి దశాబ్దముల తరబడి నమ్మకముగా పనిచేసినవి. 1920 తరువాత బండ్లు బరువెక్కినవి. మేలురకపు బొగ్గు ఖరీదైనది. నాసిరకపు బొగ్గును కాల్చగల విశాలమైన కొలిమితో క్రొత్త పసిఫిక్ ఇంజన్లను తలపెట్టిరి. ఎక్స్.ఎ., ఎక్స్.బి., ఎక్స్.సి. అనునవి అవియే. తగినంత పరీక్ష జరుగకయే వీనిని పెద్ద సంఖ్యలో కొని పట్టాలపైకి తెచ్చిరి.

కాగితముపై లెక్కలు సరిగానే యున్నవి. కొలిమి వెడల్పైనది, బలము చాలినది. కాని వేగముగా పోవునపుడు ఈ ఇంజన్లు పట్టాలపై కుడియెడమలకు పాములవలె కొట్టుకొనుచుండెడివి. 1937 జూలై 17న పాట్నా సమీపమున బిహ్టా స్టేషనువద్ద ఎక్స్.బి. ఇంజను లాగుచున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పెను. నూరుమందికి పైగా ప్రయాణికులు మరణించిరి.

ఈ ఇంజన్లను పరీక్షించుటకు నియమించిన పసిఫిక్ లోకోమోటివ్ సంఘములో బ్రిటను, ఫ్రాన్సు దేశముల ఇంజనీర్లు పనిచేసిరి. 1939లో వెలువడిన వారి నివేదికవలన తేలిన విషయము ముఖ్యమైనది. ముందు బోగీ ప్రక్కకు జరిగినపుడు దానిని తిరిగి నడిమికి తెచ్చు స్ప్రింగుల బలము చాలలేదు. ఇంజను ఊపును పట్టా ఓర్చుకొనలేకపోయెను. దోషము ఇంజనులో మాత్రమేగాని, పట్టాలో మాత్రమేగాని లేదు. ఆ ఇంజను ఆ పట్టాకు తగినది కాకపోవుటలో నున్నది. లాగుడు బలము, గ్రేటు వైశాల్యము, బొగ్గు ఖర్చు లెక్కించినవారు ఇంజనుకును దారికిని గల పొత్తును లెక్కింపలేదు. దానికి మూల్యము మనుష్యుల ప్రాణములు.

ఒకే బాయిలరు, రెండు రూపములు

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి మన ఇంజన్లు అరిగిపోయి యుండెను. క్రొత్తవి వందలకొలది కావలెను. ఈ మారు ఇంజనీర్లు తొందరపడలేదు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారమునుండి పదునారు డబ్ల్యూ.పి. ఇంజన్లను మాత్రమే నమూనాగా తెప్పించి నడిపి చూచిరి. అవి కుదురుగా నడచునని తేలిన పిమ్మటనే పెద్ద సంఖ్యలో నిర్మాణమునకు పూనుకొనిరి. 1967 నాటికి వాని సంఖ్య 755 అయినది.

డబ్ల్యూ.జి. సరుకుల ఇంజనుకు డబ్ల్యూ.పి. బాయిలరునే తీసికొనిరి. గ్రేటు వైశాల్యము రెండింటిలోను 46 చదరపు అడుగులు. ఆవిరి పీడనము చదరపు అంగుళమునకు 210 పౌనులు. పిస్టను నడక 28 అంగుళములు. ముఖ్యముగా మార్చినవి మూడు. చక్రముల వ్యాసమును 67 అంగుళములనుండి 61½ అంగుళములకు తగ్గించిరి. సిలిండరు వ్యాసమును 20¼ అంగుళములనుండి 21⅞ అంగుళములకు పెంచిరి. చోదక చక్రములను ఆరునుండి ఎనిమిది చేసిరి.

ఈ మార్పుల ఫలమేమి? సిలిండరు వెడల్పగుటవలన పిస్టనుపై పడు బలము ఆరవ వంతు పెరిగినది. చక్రము చిన్నదగుటవలన ఆ బలము మరి కొంచెము హెచ్చినది. రెండును కలిసి లాగుడు బలము 30,600 పౌనులనుండి 38,890 పౌనులకు, అనగా సుమారు 13.7 టన్నులనుండి 17.4 టన్నులకు చేరినది. నూటికి ఒక అడుగు ఎక్కు మిట్టపై మెల్లగా పోవునపుడు, పై లెక్క ప్రకారము, మొదటి ఇంజను తన బరువుతో కలిపి వేయి టన్నులకు కొంచెము పైగా లాగగలిగిన, రెండవది సుమారు 1,300 టన్నులు లాగగలదు.

ఇచ్చట పట్టు లెక్కను కూడ చూడవలెను. రెండు ఇంజన్లలోను ఒక్కొక్క చోదక ఇరుసుపై పడు బరువు 18½ టన్నులు. డబ్ల్యూ.పి.కి మూడు ఇరుసులపై 55½ టన్నులు. దానిలో నాలుగవ వంతు 13.9. లాగుడు బలము 13.7 కనుక చక్రము జారదు. డబ్ల్యూ.జి.కి నాలుగు ఇరుసులపై 74 టన్నులు. నాలుగవ వంతు 18½. దాని 17.4 టన్నుల బలమునకు ఇది చాలును. చక్రముల సంఖ్య పెంచక సిలిండర్లను, చక్రముల వ్యాసమును మాత్రము మార్చి యుండినచో, ఆ బలమును పట్టా అందుకొనలేక చక్రములు ఊరక తిరిగెడివి. ఒక అంకె మార్చినచో తక్కిన అంకెలను కూడ సరిచూచుకొనవలెననుటకు ఇది చక్కని ఉదాహరణము.

డబ్ల్యూ.పి. చక్రములు అంతకు ముందటి 74 అంగుళముల చక్రములకంటె చిన్నవి. వేగమునకు పెద్ద చక్రము మేలైనపుడు దీనిని తగ్గించుటకు కారణమేమి? ఆనాటి మన బండ్లు గంటకు 100 కిలోమీటర్లకు మించి పరుగెత్తుట అరుదు. పెట్టెల సంఖ్య మాత్రము పెరుగుచుండెను. అవసరము లేని వేగముకొరకు బలమును వదలుకొనుట వృథా. ఆవిరిని లోనికి పంపు కవాటములు మెరుగుపడుటవలన 67 అంగుళముల చక్రముతోనే ఆ వేగము సుఖముగా అందెను.

బాయిలరు ఒక్కటే యగుటవలన మరియొక లాభము కలిగెను. విడిభాగములు, పనిముట్లు, పనివారి నేర్పు రెండు ఇంజన్లకును ఉమ్మడిగా ఉపయోగపడినవి. స్వతంత్ర భారతమున క్రొత్తగా వెలసిన చిత్తరంజన్ కర్మాగారమునుండి మొదటి డబ్ల్యూ.జి. ఇంజను 'దేశబంధు' 1950లో వెలువడినది. ఈ రకపు చివరి ఇంజను 'అంతిమ్ సితారా' 1970లో వచ్చినది. స్వదేశములోను, విదేశములలోను తయారైన డబ్ల్యూ.జి. ఇంజన్లు మొత్తము 2,450.

అన్ని దారులు ఒకటి కావు

ఈ రెండు ఇంజన్లతోనే అన్ని పనులు తీరలేదు. 18½ టన్నుల ఇరుసు బరువును మోయలేని శాఖా మార్గములకు 1955లో డబ్ల్యూ.ఎల్. అను తేలిక పసిఫిక్ వచ్చినది. దాని ఇరుసు బరువు 17 టన్నులే. మీటరుగేజి దారులకు ఇదే పద్ధతిలో వై.పి., వై.జి. అను జంట తయారైనది. వై.పి. చక్రములు 54 అంగుళములు, వై.జి. చక్రములు 48. నగరముల చుట్టును తిరుగు స్థానిక బండ్లు గమ్యము చేరిన వెంటనే మరలవలెను. ఇంజనును త్రిప్పుటకు వ్యవధి ఉండదు. వానికొరకు నీటిని, బొగ్గును తనపైనే మోసికొనుచు ఇరువైపులకు నడువగల డబ్ల్యూ.టి. ఇంజనును 1959లో నిర్మించిరి.

బరువు మరీ ఎక్కువైన చోట్ల మరొక ఉపాయము పన్నిరి. హౌరానుండి మన వాల్తేరువరకు వ్యాపించిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఖనిజపు బండ్లకొరకు 1929లో గారట్ ఇంజన్లను తెప్పించెను. నడుమ ఒక పెద్ద బాయిలరు, దాని ముందొక చక్రముల జట్టు, వెనుకనొక చక్రముల జట్టు. పదునారు చోదక చక్రములపై బరువు పరచుకొనుటవలన ఏ ఇరుసుపైనను మితిమీరిన భారము పడదు. ఇంజను నడుమ వంగుటవలన వంపులలో తిరుగుటయు సులభము.

నీలగిరి కొండదారి మరియు కఠినము. అక్కడ సుమారు పండ్రెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కవలెను. ప్రతి టన్నుకును పండ్రెండవ వంతు బలము కావలెను. అంత బలమునకు నున్నని చక్రముల పట్టును నమ్ముకొనుట కష్టము, దిగునపుడు ప్రమాదము. అందుచేత పట్టాల నడుమ పండ్లు గల కమ్మీని పరచి, ఇంజను అడుగున పండ్ల చక్రమును అమర్చిరి.

మిగిలిన విద్య

మన బ్రాడ్‌గేజి దారులపై ఆవిరి ఇంజన్ల క్రమసేవ 1995లో ముగిసెను. ఆవిరి ఇంజను తన బొగ్గులోని వేడిలో పదింట ఒక వంతును కూడ పనిగా మార్చలేనిది. డీజిలు, విద్యుత్తు ఇంజన్ల ముందు నిలువలేకపోయెను. కాని దానితో నేర్చుకొన్న విద్య పోలేదు. నేడు చిత్తరంజన్‌లో తయారగు డబ్ల్యూ.ఎ.జి.-9 సరుకుల విద్యుత్ ఇంజను; డబ్ల్యూ.ఎ.పి.-7 ప్రయాణికుల విద్యుత్ ఇంజను. సికిందరాబాదులోని లాలాగూడ షెడ్డులో రెండును కలవు. రెండవది మొదటిదానినుండి పుట్టినదే. ముఖ్యమైన భేదము మోటారుకును చక్రమునకును నడుమనున్న పండ్ల చక్రముల నిష్పత్తిలో నున్నది. ఒకదానిలో బలము హెచ్చు, రెండవదానిలో వేగము హెచ్చు. చక్రమును చిన్నది చేసి ఆవిరి ఇంజనీర్లు సాధించిన దానిని, నేటివారు పండ్ల చక్రములను మార్చి సాధించుచున్నారు. పేర్లలోని 'పి', 'జి' అక్షరములు కూడ అట్లే నిలిచియున్నవి.

అన్ని పనులకును మేలైన ఇంజను ఏది అని అడుగుటలో అర్థము లేదు. ఏ బరువును, ఏ వేగముతో, ఏ మిట్టపై, ఏ పట్టాలమీద, ఏ బొగ్గుతో లాగవలెనని మొదట అడుగవలెను. ఈ అయిదు ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిమ్మట ఇంజను రూపము చాలవరకు తానే తేలును. అందులో ఒక్క ప్రశ్నను మరచినను ఏమగునో బిహ్టా చెప్పినది.